చేతులు కడుగుకొను చోటు

ఇటీవల మా యింటి స్నానపు గదిలోని పాత బేసినును, దానిని మోయు రాతి గట్టును తీసివేయించి క్రొత్తవి పెట్టించుకొంటిమి. ఇట్టి పని నేడు ప్రతి వీధిలోను జరుగుచునే యున్నది. దీనిని గూర్చి పత్రికకు వ్రాయుట యేల యని చదువరులు శంకింపవచ్చును. మేమును మొదట దీనిని నాలుగు దినముల పనియనియే తలంచితిమి. నాలుగు దినములు పదునొకండు దినములయ్యెను. ఆ పదునొకండు దినములలో, ముప్పది యేండ్లుగా మేము చూచియు చూడక విడిచిన సంగతులు కొన్ని మా యెదుటికి వచ్చి నిలిచెను. వానిని దాచుకొనుటకంటె చెప్పుకొనుటయే మేలని తోచి వ్రాయుచున్నాము.

మా యిల్లు విశాఖపట్టణమున గాజువాకలో నున్నది. కీర్తిశేషులైన మా తండ్రిగారు ఉక్కు కర్మాగారమున పనిచేసిన వారు. వారి తరము వారికి ఆ కర్మాగారము వట్టి కొలువు కాదు. 1966లో దాని కొఱకు జరిగిన ఉద్యమమున పలువురు ప్రాణములు గోల్పోయిరి. 1970 ఏప్రిలు 17న ప్రధానమంత్రి ఇందిరాగాంధీ దానిని పార్లమెంటులో ప్రకటించిరి. 1971 జనవరి 20న శంకుస్థాపన చేసిరి. 1992 ఆగస్టు 1న ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు దానిని జాతికి అంకితము చేసిరి. అంతకు ఒక్క సంవత్సరము ముందు, 1991లో, మా తండ్రిగారు ఈ యిల్లు కట్టించిరి. స్నానపు గదిలో గోడకు రెండు ఇనుప యాంగిలు ముక్కలు దిగగొట్టించి, వానిపై కడప బండ పఱపించి, బండ నడుమ తెల్లని పింగాణి బేసినును అమర్పించిరి. ఆ దినములలో మా వీధిలో నది యొక వింత. బంధువులు వచ్చి కొళాయి త్రిప్పి చూచి పోయెడివారు.

ఆ బేసినుకు రెండు శత్రువులు దాపురించెను. మొదటిది సముద్రపు గాలి. దానిలోని ఉప్పు ఇనుమును విడువదు. ఉక్కును కాచి పోయు ఊరిలోనే గోడలోని యాంగిలు ముక్కలు పొరలు పొరలుగా తుప్పై రాలుచుండెను. రెండవది మా తెలివితక్కువతనము. బోరు నీటిలోని లవణములు గట్టుపై తెల్లని పొరగా కట్టుచుండగా దానిని వదల్చుటకు యాసిడు పోయించుచుంటిమి. కడప బండ సున్నపురాతి జాతిది. ఆమ్లము సోకిన చోటనెల్ల కరగిపోవును. నల్లని బండ కొన్ని యేండ్లకు బూడిద మచ్చల మయమయ్యెను. “పోయించుచుంటిమి” అని వ్రాసితిమి గదా, ఆ మాట నిజము. పోసినది మేము కాము. మా యింట పదునాలుగేండ్లుగా పనిచేయుచున్న స్త్రీ పోసెడిది. ఆ ఘాటునకు దగ్గెడిది. మేము వెలుపలనుండి, తలుపు తీసియుంచు మని చెప్పెడివారము.

మా తల్లిగారికిప్పుడు డెబ్బది తొమ్మిదేండ్లు. ఒకనాటి తెల్లవారుజామున వారు గట్టుపై చేయి మోపి వంగగా బండ ఒక అంగుళము ముందునకు జరిగెను. వారు తలుపు గడియ పట్టుకొని నిలిచిరి గనుక పడలేదు. ఉదయము కాఫీ త్రాగుచు, “ఆ గట్టు కదులుచున్నది, నాయనా. దానికి నాకంటె పెద్ద వయసు వచ్చినట్లున్నది,” అని నవ్వుచు చెప్పిరి. మాకు నవ్వు రాలేదు. ఆ దినముననే పని పెట్టింప నిశ్చయించితిమి.

మా తల్లిగారు ప్రభుత్వ వైద్యశాలలలో ముప్పది నాలుగేండ్లు నర్సుగా పనిచేసిరి. తుది యేండ్లు ఊపిరితిత్తుల రోగుల వార్డులో గడపిరి. చేతులు కడుగుకొనుట వారికి మతము వంటిది. మా బాల్యమున కథలకు మాఱుగా మాకు వియన్నా నగరపు వైద్యుడు సెమ్మెల్‌వైస్ చరిత్రను చెప్పెడివారు. 1847లో ఆయన వైద్యశాలలోని ప్రసూతి వార్డున ఏప్రిలు నెలలో నూటికి పదునెనిమిది మంది తల్లులు జ్వరముతో మరణించిరి. శవపరీక్ష చేసిన చేతులతోనే వైద్యులు పురుడు పోయుచున్నారని గ్రహించి, క్లోరిను సున్నపు నీటితో చేతులు కడుగుకొని లోనికి రావలసినదని ఆయన నియమము పెట్టెను. జూను నెల నాటికి మరణములు నూటికి రెండింటికి దిగెను. అయినను పెద్దమనుష్యుల చేతులు మలినములుగా నుండునా యని పలువురు వైద్యులు ఆయనపై కోపగించిరి. ఈ కథ చెప్పి మా తల్లిగారు, “తన చేయి శుభ్రమే యని ముందే నమ్మినవాడు కడుగుకొనడు,” అనెడివారు.

మా తాతగారి యిల్లు భీమునిపట్టణము దాపున నొక పల్లెలో నుండెను. అచట పెరటిలో నుయ్యి, నూతి ప్రక్కన గాబు, గాబుపై చెంబు. బయటినుండి వచ్చిన వారెవ్వరైనను కాళ్లు కడుగుకొననిదే గడప దాటరాదు. తాతగారు మిక్కిలి శుచిగల వారని ఊరివారందఱు చెప్పుకొనెడివారు. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగపు పదునేడవ అధికరణము అస్పృశ్యతను రద్దు చేసియుండెను. అయినను ఇరువదియైదేండ్ల పిమ్మట, మా బాల్యమున, పొలము పని చేసి వచ్చిన కొందఱు కూలివారు ఆ చెంబును ముట్టుట మేము చూడలేదు. వారు దూరముగా నిలిచి దోసిలి పట్టెడివారు. ఇంటివారెవరైన పైనుండి నీరు పోసెడివారు. ఆ నీటితోనే వారు చేతులు కడుగుకొని, ఆ దోసిలితోనే దాహము తీర్చుకొనెడివారు. పట్టణమునకు వచ్చి ఇంటింట కొళాయి త్రిప్పుకొనుట చూచిన పిదప ఆ ఆచారము మా వెనుకనే పల్లెలో నిలిచిపోయినదని మేము నమ్మియుంటిమి. ఈ నమ్మికను గూర్చి మఱల చెప్పవలసి యున్నది.

రాయి కొనుటకై జాతీయ రహదారి ప్రక్కనున్న యొక దుకాణమునకు పోయితిమి. ప్రకాశము జిల్లా చీమకుర్తి నుండి వచ్చు నల్లరాయి, బంగారు రవలు చల్లినట్లు మెఱయునది, వరుసలుగా నిలిపియుండెను. దుకాణదారు దానిని చూపక, పాలవలె తెల్లనై బూడిదరంగు చారలుగల పలకయొకటి చూపెను. దాని పేరు క్వార్ట్‌జ్ అనెను. అనగా మన పలుగురాయి; పలుగురాతిని పొడిచేసి, జిగురు కలిపి, అచ్చున నొత్తి చేసినది. మఱక పట్టదనియు, ఇప్పుడు పెద్ద ఫ్లాటులలో నెల్ల నిదే పెట్టుచున్నారనియు చెప్పెను. మా తమ్ముని క్రొత్త ఫ్లాటులో నిట్టిదే చూచి వచ్చి యుంటిమి. గృహప్రవేశమునకు వచ్చిన చుట్టములందఱు దానిపై చేయి వేసి మెచ్చుకొనుట మా మనస్సున నుండెను. వెల రెట్టింపు. మా యిల్లాలు పలకను కొంతసేపు చూచి, “తెల్లగా నుండుట బాగుగనే యున్నది. తెల్లగా నుంచుట యెవరి పని?” అని యడిగెను. మేము సమాధానము చెప్పక బయానా ఇచ్చితిమి.

మేస్త్రి మరునాడు వచ్చెను. నలుబది యేండ్లవాడు, మితభాషి. టేపు తీసి గోడపై పట్టి, “ఎవరి ఎత్తుకి పెట్టమంటారు, బాబూ?” అని యడిగెను. అందఱకు పెట్టు ఎత్తునకే పెట్టు మంటిమి. “అందరికీ అంటే ముప్పై రెండు అంగుళాలు. అది నిలువుగా నిలబడ్డ మగవాడి కొలత. మీ ఇంట్లో వాడేది ఎవరు?” అనెను. ముప్పది యేండ్లుగా ఆ గదిలో మేమెవ్వరమును వేసికొనని ప్రశ్న యది. మేము అయిదడుగుల తొమ్మిదంగుళములు. మా తల్లిగారు యౌవనమున నాలుగడుగుల పదంగుళములు. ఇప్పుడు వంగి యంతకంటె తక్కువ. పాత గట్టున ముఖము కడుగుకొనునపుడు వారి మోచేతులనుండి నీరు చంకల లోనికి కాఱెడిది. రవిక తడిసినదని వారెన్నడును గట్టును నిందింపలేదు. ముప్పది అంగుళములకు పెట్టు మంటిమి. మేము కొంచెము వంగవలసి వచ్చును. వంగగలవారు వంగుటయే న్యాయము.

మేస్త్రి కాగితముపై, “వాడేది నలుగురు,” అని వ్రాసికొనుచుండెను. మా తల్లిగారు కుర్చీలోనుండి, “నలుగురా? అయిదుగురు కారా?” అనిరి. అయిదవవా రెవరని మా కొమార్తె యడిగెను. “వారమునకు మూడుమార్లు ఆ గదిని తోము మనిషి. పదునాలుగేండ్లనుండి తోముచున్నది. ఆ బేసినులో ఆమె చేయి కడుగుకొనుట మీలో నెవరైన చూచినారా?” అని వారడిగిరి. మాలో నెవ్వరమును చూచియుండలేదు. ఆమె తోముట ముగించి, పెరటి కొళాయి వద్దకు పోయి, బట్టల సబ్బు ముక్కతో చేతులు కడుగుకొని పోవును. మేమెన్నడును వద్దని యనలేదు. అనవలసిన యవసరమే రాలేదు.

మూడవనాడు కోత మొదలయ్యెను. మేస్త్రి వెంట అతని పిన్ని కొడుకు, ఇరువదేండ్ల కుఱ్ఱవాడు, వచ్చెను. వెనుక వరండాలో పలకను రెండు చెక్కలపై పెట్టి, బేసినుకు గుండ్రని గుర్తు గీసి, చేతి కటింగు మిషనుతో కోయసాగిరి. పలకనుండి పిండివంటి తెల్లని దుమ్ము మేఘమై లేచెను. మేము పరుగున పోయి కిటికీలు మూసితిమి. సోఫాపై దుప్పట్లు కప్పితిమి. పుస్తకముల బీరువా సందులలో గుడ్డలు క్రుక్కితిమి. అంత శ్రద్ధగా ఆ యిల్లు మేమెన్నడును కాపాడియుండము. అర్ధగంట గడచెను. తులసి యాకులు తెల్లనయ్యెను. కుఱ్ఱవాని కనుఱెప్పలు తెల్లనయ్యెను. వాని ముక్కునకు చేతి రుమాలొకటి కట్టి యుండెను.

మా తల్లిగారు కఱ్ఱ పట్టుకొని, పైట ముక్కునకు అడ్డము పెట్టుకొని వరండాలోనికి వచ్చిరి. “మిషను ఆపు, నాయనా,” అనిరి. వాడు ఆపెను. వారు మా వైపు తిరిగి, “సోఫాకు దుప్పటి కప్పితిరి గదా. వీని ఊపిరితిత్తులకేమి కప్పితిరి?” అనిరి. మేము మాటాడలేక పోతిమి. వారు పలకను వ్రేలితో తాకి చూచి, “ఇది యేమి రాయి?” అని యడిగిరి. పలుగురాతి పొడియని చెప్పితిమి. వారు కుర్చీ తెప్పించుకొని అచటనే కూర్చుండిరి. ఇక నా దినము కోత సాగలేదు.

వారు చెప్పినదియు, తరువాత మేము చదివి తెలిసికొన్నదియు కలిపి వ్రాయుచున్నాము. పలుగురాతి దుమ్ములో కంటికి కనబడు తెల్లని పొడి కొంత క్షమించునది. అది ముక్కున, గొంతున చిక్కుకొని వెలుపలికి వచ్చును. కంటికి కనబడని యతిసూక్ష్మమైన రేణువులు ఊపిరితిత్తుల యడుగునకు పోయి నిలుచును. అచట శరీరము వానిని జయింపలేక, వాని చుట్టును గట్టి మచ్చలు కట్టును. మెత్తని ఊపిరితిత్తి క్రమముగా బిగిసిపోవును. దీనినే సిలికోసిస్ అందురు. మచ్చకట్టిన భాగమును మఱల మెత్తపఱచు మందు లేదు. ఈ జబ్బు గలవారికి క్షయ సులభముగా సోకును. క్షయయే యని పొరబడుటయు కలదు. చేతి రుమాలు ఈ రేణువులను ఆపజాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 1997లో ఈ దుమ్మును మనుష్యులకు క్యాన్సరు కలిగించు వానిలో చేర్చెను.

సహజమైన గ్రానైటులో పలుగురాయి యొక పాలు మాత్రమే. అచ్చొత్తిన క్వార్ట్‌జ్ పలకలో అది నూటికి తొంబది పాళ్లకు పైగా నుండవచ్చును. కనుకనే ఇజ్రాయేలు, స్పెయిను, ఆస్ట్రేలియా, అమెరికాలోని కాలిఫోర్నియా మొదలగు చోట్ల ఈ పలకలు కోసిన పనివారు ముప్పది, నలుబది యేండ్ల ప్రాయమునందే ఊపిరితిత్తులు చెడి పడిపోవుట బయటపడెను. ఆస్ట్రేలియా దేశము 2024 జూలై 1 నుండి ఇట్టి పలకల తయారీని, అమ్మకమును, అమర్పును నిషేధించెను. మన దేశమున 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము సిలికోసిస్‌ను ప్రభుత్వమునకు తెలుపవలసిన జబ్బులలో చేర్చెను. కాని గాజువాకలో నొక యింటి వరండాలో మిషను పట్టిన కుఱ్ఱవాడు ఏ ఫ్యాక్టరీ హాజరుపట్టీలోను ఉండడు. వానికి యజమాని యెవడు? ఆ దినమునకు మేమే.

మేస్త్రి యింతసేపును తలవంచుకొని వినెను. పిదప, “మా నాన్న క్వారీలో రాయి కొట్టేవాడు. టీబీ అన్నారు. రెండుసార్లు మందులు వాడాడు. తగ్గలేదు,” అనెను. మా తల్లిగారు మఱేమియు ననలేదు. ఆ వార్డులో ఆ మాట వారెన్నిమార్లు వినిరో. కొంతసేపటికి మేస్త్రి, “ఆపమన్నారు, బాగానే ఉంది. ఈ రోజు కూలి మాటేమిటి, బాబూ? రేపు ఇంకో ఇంట్లో కోస్తాం. అక్కడ ఆపమనే అమ్మ ఉండదు కదా,” అనెను. ఇది తిరుగులేని మాట. దయ చూపినామని మేము సంతసించుటకు ముందే ఆ దయకు వెల వారే చెల్లింపవలసి వచ్చుచుండెను. పని నిలిచిన దినములకును ఇద్దఱకు కూలి మేమే యిచ్చునట్లు ఒప్పుకొంటిమి. ఒప్పుకొనునపుడు మా చేయి కొంచెము వెనుకాడెనని యొప్పుకొనక తప్పదు.

నీరు పోయుచు కోసిన దుమ్ము లేవదు గదా యని మేమంటిమి. మేస్త్రి చేతి మిషను చూపి, అది నీటితో కోయుటకు చేసినది కాదనియు, తడిసిన చేతితో పట్టుకొన్న కరెంటు కొట్టుననియు చెప్పెను. ఒక్క యపాయమును తప్పింప మఱియొక యపాయమును తెచ్చిపెట్టుట సంస్కారము కాదు. తుదకు అతడే ఉపాయము చెప్పెను. గట్టు కొలతకు అట్టతో నమూనా కత్తిరించి, బేసిను రంధ్రమును, కొళాయి రంధ్రమును దానిపై గీసి, నీటిధారతో కోయు పెద్ద యంత్రముగల చోటికి పంపవలెను. ఇంటి వద్ద కోత యుండదు, అమర్చుటయే యుండును. ఆలస్యము మూడు దినములు. బండి కూలి, యంత్రపు కూలి అదనము. ఇంతటి సులభమైన మార్గముండగా మొదటనే యేల చెప్పలేదని యడిగితిమి. “ఎవరూ అడగరు, బాబూ. అందరూ తొందరగా అవ్వాలంటారు,” అనెను.

సగము కోసిన తెల్లని పలకను దుకాణదారు తిరిగి తీసికొనలేదు. దానిని పోగొట్టుకొని చీమకుర్తి రాయి కొంటిమి. దానిని గ్రానైటని యమ్ముదురు గాని, భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్కలో నది గాబ్రో జాతిది. పలుగురాయి అందు బహు స్వల్పము. అట్లని దాని దుమ్మును పీల్చవచ్చునని కాదు. దానిని కూడ నీటి యంత్రముననే కోయించితిమి. కోయునపుడు దగ్గఱ నిలిచి చూచితిమి. దుమ్ము లేవలేదు, బురదయై క్రిందికి జాఱెను. కాని ఆ చోటనే నిన్నటి బురద యెండి పొడియై యుండగా, ఒక కుఱ్ఱవాడు చీపురుతో దానిని పొడిగా ఊడ్చుచుండెను. నీరు చల్లి ఊడ్చిన మేలని చెప్పితిమి. వారు నవ్విరి. మా యింటి పని శుభ్రముగా జరిగినది. లోకపు పని యట్లే యున్నది.

అమర్చుట రెండు దినములు పట్టెను. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పుగల ఆ బండ, రంధ్రము కోయకముందు, సుమారు నలుబది కిలోల బరువు. పైగా ముసలివారు దానిపై చేయి మోపుదురు. పాత యాంగిలు ముక్కలకు మాఱుగా తుప్పు పట్టని ఉక్కు కమ్ములు పెట్టించితిమి. మన కర్మాగారము కడ్డీలు, తీగచుట్టలు, యాంగిళ్లు మొదలగునవి చేయును గాని స్టెయిన్‌లెస్ ఉక్కు చేయదు. అందులో క్రోమియము కలిసి, కంటికి కనబడని పలుచని పొరను పైన కట్టి, లోని ఇనుమును కాపాడును. గట్టు బేసిను వైపునకు వెండ్రుకవాసి వాలునట్లును, అంచు క్రింద నీరు వెనుకకు ప్రాకకుండ సన్నని గాడి యుండునట్లును మేస్త్రి చూచెను. పాత బేసిను గొట్టము తిన్నగా నేలలోని తూమునకు పోవుచుండెను; బొద్దింకలు, దుర్గంధము దాని వెంటనే వచ్చెడివి. ఇప్పుడు క్రింద బాటిల్ ట్రాపు పెట్టెను. దానిలో కొంచెము నీరు ఎల్లప్పుడు నిలిచియుండి తూము గాలిని అడ్డగించును. 1775లో అలెగ్జాండరు కమ్మింగ్ అను గడియారముల పనివాడు మరుగుదొడ్డికి పేటెంటు పొందిన వంపుగొట్టపు యుక్తియే యిది. అంతయు ముగిసిన పిదప మేస్త్రి తానే గట్టుపై కూర్చుండి చూపి, “ఇంక అమ్మగారు భయం లేకుండా చెయ్యి వెయ్యొచ్చు,” అనెను.

కొళాయికి గాలి కలుపు జల్లెడ మూతి పెట్టించితిమి. పూర్వము పది లీటర్ల బకెట్టు ఒక నిమిషమున నిండెడిది. ఇప్పుడు రెండు నిమిషములు పట్టుచున్నది. చేతులు కడుగుటకు లోటు లేదు. ఏలేరు జలాశయమునుండి నూటయేబది కిలోమీటర్ల కాలువ వెంట కర్మాగారమునకును, నగరమునకును నీరు తెచ్చుకొను ఊరు మనది. ఆ నీటిని పండ్లు తోముకొనునంత సేపును విడిచిపెట్టుట యెంత సిగ్గుమాలిన పనియో, బకెట్టు పెట్టి కొలుచువఱకు మాకు తెలియలేదు.

ఇక అయిదవ మనిషి మాట. అమర్చు దినములలో పెరటి కొళాయి కట్టివేయబడెను. పని ముగించిన ఆమె తడిచేతులతో ఇటునటు చూచుచుండగా మా యిల్లాలు లోపలి బేసినులో కడుగుకొను మనెను. “వద్దమ్మా, ఇంటికెళ్లి కడుక్కుంటాను,” అని ఆమె పోయెను. మరునాడును అట్లే పోయెను. మూడవనాడు మా యిల్లాలు బిగ్గఱగా కాక, ప్రక్కన కూర్చుండి కారణమడిగెను. ఆమె కొంత తడవు ఊరకుండి, “నా గ్లాసు కిటికీ మీద వేరుగా ఉంటాది కదమ్మా. గ్లాసు వేరైనప్పుడు బేసిను ఒకటెలా అవుతాది?” అనెను.

చదువరులారా, ఆ గ్లాసును అక్కడ పెట్టినది మేమే. ఎవరి చేయి యని యడిగిన ఎవ్వరికిని జ్ఞాపకము లేదు. వంటయింటి కిటికీ గట్టుపై బోర్లించిన స్టీలు గ్లాసు పదునాలుగేండ్లుగా అచటనే యున్నది. సభలలో సమత్వమును గూర్చి మాటాడి వచ్చిన దినములలోను అది యచటనే యుండెను. తాతగారి చెంబును మేము పల్లెలో విడిచి రాలేదు. గ్లాసుగా మార్చి తెచ్చుకొంటిమి. దోసిలిలో నీరు పోయువారు తాము క్రూరులమని యనుకొనలేదు, మేమును అనుకొనలేదు. మా తల్లిగారు ఆ గ్లాసును తీసి, కడిగి, మిగిలిన గ్లాసుల నడుమ పెట్టిరి. “నేనును చూచుచునే యుంటిని. పరుల చేతులను కడిగించితిని,” అని మాత్రమనిరి. వారి కంఠము అంత చిన్నగా నుండుట మేమెన్నడును వినలేదు.

గ్లాసు కలిపినంతనే అంతయు చక్కబడినదని చెప్పము. ఆ స్నానపు గది పడకగదిలో నుండి పోవలసినది. ఆ త్రోవన సంకోచము లేక నడచుటకు ఆమెకు మేము పదునాలుగేండ్లు నేర్పలేదు. ఇప్పుడు కొన్ని దినములు లోపలనే చేతులు కడుగుకొనుచున్నది; కొన్ని దినములు అలవాటున పెరటిలోనికే పోవుచున్నది. బలవంతము చేయుట లేదు. పెరటి కొళాయి వద్ద బట్టల సబ్బు ముక్క తీసివేసి, లోపల పెట్టిన సబ్బువంటిదే పెట్టితిమి. యాసిడు సీసా ఇంటికి తెచ్చుట మానితిమి. ఆదివారము నాడు ఆ గదిని తోముట మా వంతు. తోమిన తరువాతనే తెలిసినది, నల్లరాయిపై నీటి మచ్చ యెంత తొందరగా కనబడునో.

ఇల్లు బాగుచేయించుకొను చదువరులకు మేము చెప్పుకొనదగిన మాట ఒక్కటే. రాతి రంగు నిశ్చయించుటకు ముందు, దానిని ఎచట, ఎట్లు కోయుదురో అడుగుడు. నీటి యంత్రమున కోయవలెననియు, అందువలన పని నిలిచిన దినములకు కూలి మీదే యనియు బయానా యిచ్చునపుడే చెప్పుడు. అడుగువారుండిన చెప్పువారుందురు, ఆ ఉపాయము మేస్త్రికి ముందే తెలిసియుండెను గదా.

సగము కోసిన తెల్లని పలక నేటికిని మా పెరటి గోడకు చేరగిలబడి యున్నది. ముక్కలు చేసి మెట్లకు వేసికొనవచ్చును గదా యని చుట్టములు అడుగుచుందురు. ముక్కలు చేయుటకు మఱల కోయవలెను. కనుక దానిని అట్లే యుంచితిమి. దాని ధర యెంత యైనదో అడిగినవారికి చెప్పుచున్నాము. ఏల కొంటిమో కూడ చెప్పుచున్నాము.